తిరగబెట్టే జబ్బు

జ్వరం తగ్గిన నాలుగో రోజున మళ్లీ ఒళ్లు కాలితే "తిరగబెట్టింది" అంటాం. తప్పు జ్వరం మీదే వేస్తాం. కామెర్లు తిరగబెట్టినా, ఉబ్బసం తిరగబెట్టినా మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తాం, మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. అదే, మందు మానిన మనిషి ఆరు నెలలకి మళ్లీ సీసా పట్టుకుంటే మన నోట వచ్చే మాట వేరు. "మళ్లీ మొదలెట్టాడు" అంటాం. అప్పటిదాకా జబ్బు అన్నది ఒక్కసారిగా మాయమవుతుంది, మనిషి ఒక్కడే బోనులో నిలబడతాడు.

మా చిన్న మావయ్య విషయంలో మా ఇంటిల్లిపాదీ ఈ రెండో మాటే అన్నాం. నేనూ అన్నాను. ఆయన దర్జీ. జాకెట్టు కుట్టడంలో ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆయన పేరు చెప్పేవాళ్లు. నలభై ఏళ్లు వచ్చేసరికి పొద్దున్నే ఒక క్వార్టర్ పడితే తప్ప సూదిలో దారం ఎక్కేది కాదు. చేతులు అంతగా వణికేవి. ఒక పట్నంలో డీ-అడిక్షన్ వార్డులో చేర్పించాం. ఇరవై ఎనిమిది రోజుల తర్వాత ఇంటికి పంపారు. ముఖం తేటగా ఉంది, ఆకలి పుట్టింది, వణుకు లేదు. బట్టల సంచీ చంకన పెట్టుకుని అత్తయ్య డాక్టరుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "ఇక ఈయన తాగరు కదండీ?"

"ధైర్యంగా తీసుకెళ్లమ్మా" అన్నారాయన. మళ్లీ ఎప్పుడు రావాలో చీటీలో రాయలేదు. మేమూ అడగలేదు. మనిషి బాగున్నాడు కదా, ఆస్పత్రికి ఎందుకు అనుకున్నాం. ఏడో నెలలో ఒక దశదిన కర్మకి వెళ్లి తాగి వచ్చాడు. "ఇన్ని వేలు పోసినా మారలేదు" అని వదిలేశాం.

అత్తయ్య అడిగిన ఆ ప్రశ్నకి సరైన జవాబు ఏమిటి? చికిత్స తీసుకున్నవాళ్లు ఏడాదికి ఎలా ఉంటారు, పదేళ్లకి ఎలా ఉంటారు, ముసలితనంలో ఎలా ఉంటారు? దీన్ని ఓపిగ్గా వెంటబడి చూసినవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే. కానీ వాళ్లు చెప్పింది తెలిస్తే మనం చేసే తప్పుల్లో సగం చెయ్యం.

మొదట ఒక గందరగోళం తీర్చుకోవాలి. వార్డులో జరిగే మొదటి వారం పనిని అందరూ చికిత్స అనుకుంటారు. అది చికిత్సకి గుమ్మం మాత్రమే. మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం ఒకటుంది, గాబా. ఉద్రేకాన్ని పెంచేది ఇంకొకటుంది, గ్లూటమేట్. మద్యం మొదటిదానికి బలమిస్తుంది, రెండోదాన్ని అణుస్తుంది. అందుకే తాగగానే ఒళ్లు తేలికవుతుంది. రోజూ, ఏళ్ల తరబడి ఇదే జరిగితే మెదడు ఊరుకోదు. తన బ్రేకుని తానే వదులు చేసుకుంటుంది, యాక్సిలరేటర్‌ని బిగిస్తుంది. మద్యం ఉన్నంతసేపూ లెక్క సరిపోతుంది. ఒక్కసారిగా మద్యం ఆగిందా, తొక్కిపెట్టిన యాక్సిలరేటర్ ఒక్కటే మిగులుతుంది. ఆరేడు గంటల్లో చేతుల వణుకు, చెమట, గుండెదడ. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనబడి, ఉన్న చోటు కూడా తెలియని స్థితి వస్తుంది. చికిత్స లేకపోతే అది ప్రాణం తీస్తుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతబడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ముందు ఇలాంటి మనుషులు బారులు తీరారు. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకి అలవాటు పడ్డవాళ్లూ వాళ్లలో ఉన్నారు. "పట్టుదల ఉంటే ఇవాళే మానేస్తాడు" అని రోషం పెట్టి, గదిలో పెట్టి తాళం వెయ్యడం ఎంత ప్రమాదమో ఆ రోజులు చూసిన డాక్టర్లకి బాగా తెలుసు. ఏళ్లుగా రోజూ తాగే మనిషి మానాలనుకుంటే డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తాగి తాగి తిండి మానేసిన మనిషి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. "నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ సీసా ఎక్కించండి" అని ఊళ్లో అడిగి పెట్టించుకుంటాం. ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ముందు బి1 ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్.

వారం పది రోజుల్లో ఈ తుఫాను వెలుస్తుంది. కాలేయంలో చేరిన కొవ్వు కొన్ని వారాల్లోనే కరగడం మొదలవుతుంది. మెదడు మాత్రం అంత త్వరగా కోలుకోదు. తాగుడు వల్ల పలచబడిన మెదడు పైపొర మొదటి నెలలో వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా, చాలా నెలల పాటు మందం పుంజుకుంటూనే ఉంటుంది. నిద్ర కుదురుకోవడానికి కూడా నెలలు పడుతుంది. ఆ మెదడులోనే ఇంకో పాఠం గట్టిగా అచ్చుపడి ఉంటుంది. ఫలానా సందు మలుపు, జీతం చేతికొచ్చిన సాయంత్రం, వేపుడు వాసన, పాత స్నేహితుడి పిలుపు. వీటిలో ఏది తగిలినా మెదడు మద్యం కోసం ఎదురుచూడటం మొదలెడుతుంది. మనిషి ఇంకా నిర్ణయం తీసుకోకముందే నోట్లో నీళ్లూరతాయి. అదుపు చేసే భాగం ఇంకా కోలుకోలేదు, ఆశపెట్టే భాగానికి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. మనం మనిషిని ఇంటికి తీసుకొచ్చేది సరిగ్గా ఈ సమయంలోనే.

ఇక దీర్ఘకాలం సంగతి. దీనికి అమెరికాలో జార్జ్ వేలెంట్ అనే మానసిక వైద్యుడు చేసిన పనిని మించింది నాకు కనబడలేదు. 1940 ప్రాంతంలో బోస్టన్ దగ్గర రెండు గుంపుల మగవాళ్లని ఎంచుకుని పరిశోధకులు వాళ్ల జీవితాలు నమోదు చెయ్యడం మొదలెట్టారు. ఒక గుంపు హార్వర్డ్‌లో చదువుకునే 268 మంది యువకులు. రెండోది బోస్టన్ పేటల్లో పేదరికంలో పెరిగిన 456 మంది పిల్లలు. తాగుబోతులని ఏరి తీసుకున్న గుంపులు కావివి. మామూలు మనుషులు. కాలం గడిచేకొద్దీ వాళ్లలో కొందరు తాగుడికి బానిసలయ్యారు. ఎవరు ఎప్పుడు పడ్డారు, ఎప్పుడు లేచారు అన్నది పుస్తకంలో పేజీ తిప్పినట్టు కనబడింది. వేలెంట్ 1983లో దీని మీద పుస్తకం రాశాడు, 1995లో దాన్నే మరోసారి తిరగరాశాడు, 2003లో అరవై ఏళ్ల లెక్క ప్రచురించాడు.

ఆ లెక్క చదువుతుంటే చెయ్యి ఆగిపోతుంది. పేట కుర్రాళ్లలో 72 మంది జీవితంలో ఏదో ఒక దశలో మద్యానికి పూర్తిగా బానిసలయ్యారు. వాళ్లకి డెబ్బై ఏళ్లు వచ్చే నాటికి నూటికి 54 మంది చనిపోయారు. నూటికి 32 మంది పూర్తిగా మానేశారు. హద్దులో తాగుతున్నవాళ్లు నూటికి ఒక్కరు. ఇంకా విపరీతంగా తాగుతున్నవాళ్లు నూటికి 12 మందే. హార్వర్డ్ బాబుల్లో బానిసలైనవాళ్లు 19 మంది. వాళ్లలో 11 మంది పోయారు, నలుగురు మానేశారు, ఇద్దరు హద్దులో తాగుతున్నారు, ఇద్దరు ఇంకా అలాగే ఉన్నారు. చదువు, డబ్బు, పలుకుబడి ఆ పందొమ్మిది మందిని కాపాడలేదు. ఈ జబ్బు కలకాలం ఒకేలా సాగదు, ఏదో ఒక ఒడ్డుకి చేరుస్తుంది. అయితే చావు, లేకపోతే మానెయ్యడం. మధ్యలో "అప్పుడప్పుడూ కొంచెం" అనే ఒడ్డు మీద నిలబడగలిగినవాళ్లు చాలా తక్కువ.

వేలెంట్‌లో నాకు నచ్చింది ఆయన నిజాయితీ. ఆయన స్వయంగా కేంబ్రిడ్జ్ పట్టణంలో ఒక మద్యపాన చికిత్సా కేంద్రంలో పనిచేశాడు. అక్కడ చికిత్స తీసుకున్న వంద మందిని ఎనిమిదేళ్లు వెంటబడి చూశాడు. మొదటిసారి ఇంటికి వెళ్లాక ఒక్కసారి కూడా తిరగబెట్టనివాళ్లు ఐదుగురే. తాము చేసిన చికిత్స ఫలితాలు, జబ్బు దానంతట అది నడిచే తీరు కన్నా మెరుగ్గా లేవని తన పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. ఏ డాక్టరు రాసుకుంటాడు అలా? కానీ ఆయన అక్కడ ఆగలేదు. మానినవాళ్లకి ఏం కలిసొచ్చిందో వెతికాడు. నాలుగు సంగతులు మళ్లీ మళ్లీ కనబడ్డాయి. తాగితే వెంటనే నష్టం జరిగే ఏదో ఒక కాపలా, ఒక డాక్టరో కోర్టో ఒళ్లు హెచ్చరించే జబ్బో. తాగుడు వదిలిన ఖాళీని నింపే మరో అలవాటు. పాత గాయాల లెక్క లేని ఒక కొత్త అనుబంధం. మనసుకి ఆశ ఇచ్చే ఒక గుంపు, గుడో చర్చో, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమసో. ఈ నాలుగింటిలో రెండు మూడు ఒకే సమయంలో దొరికినవాళ్లు నిలబడ్డారు.

ఇంకొకటి కూడా ఆయన చూశాడు. ఆరు నెలలు, ఏడాది మానడం గొప్పే కానీ దాన్ని నమ్ముకోలేం. రెండు మూడేళ్లు గడిచినా జారిపడ్డవాళ్లున్నారు. ఐదేళ్లు దాటాక మాత్రం తిరగబెట్టడం అరుదైపోయింది. క్యాన్సర్ రోగికి డాక్టర్లు ఐదేళ్ల గడువు పెట్టుకుని చూస్తారు కదా, ఇదీ అలాంటిదే. అత్తయ్యకి ఆ రోజు ఎవరైనా "అమ్మా, ఐదేళ్లు కనిపెట్టుకుని ఉండాలి" అని చెప్పి ఉంటే ఆవిడ భయపడేది కాదు. తయారుగా ఉండేది.

ఇంత విని చికిత్స దండగ అనుకోకూడదు. అలా అనిపించే పరిశోధనలు ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం నాకిష్టం లేదు. లండన్‌లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఓర్‌ఫోర్డ్ 1977లో వంద మంది పెళ్లయిన మగవాళ్ల మీద జరిపిన ప్రయోగం ఫలితం ప్రచురించారు. సగం మందికి నెలల తరబడి పూర్తి చికిత్స. మిగతా సగం మందికి, భార్యాభర్తలని కూర్చోబెట్టి ఒకే ఒక్కసారి గట్టి సలహా. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికాలో 1,726 మందితో జరిగిన ప్రాజెక్ట్ మ్యాచ్‌లో మూడు రకాల కౌన్సెలింగ్ పోటీపడ్డాయి. 1997లో ఫలితం వచ్చింది. మూడూ ఇంచుమించు సమానం. నాలుగుసార్లు కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి కూడా పన్నెండుసార్లు కూర్చోబెట్టే పద్ధతులకి తీసిపోలేదు.

అంటే ఏ రకం చికిత్స అన్నది అసలు ప్రశ్న కాదు. సాయం అందిందా, అది ఎంత కాలం వెన్నంటి ఉంది అన్నదే ప్రశ్న. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ మూస్, బెర్నీస్ మూస్ దంపతులు 461 మందిని పదహారేళ్లు వెంటబడి చూసి తేల్చింది అదే. సమస్య ముదిరిన మొదట్లోనే సాయం తీసుకున్నవాళ్లలో నూటికి 62 మంది మూడో ఏటికి బాగుపడ్డారు. సాయం తీసుకోనివాళ్లలో 43 మంది. అలా బాగుపడ్డవాళ్లు పదహారో ఏటికి ఎంతమంది మళ్లీ జారారని చూస్తే సాయం పొందినవాళ్లలో నూటికి 43, పొందనివాళ్లలో 60. సాయం లేకుండా మానడం అసాధ్యం కాదు. కానీ అది నిలవడం కష్టం.

డాక్టర్లు, పోలీసులు, కుటుంబాలు అందరూ కలిసి ఈ జబ్బు గురించి చీకటి బొమ్మ గీసుకోవడానికి ఒక కారణముంది. బాగుపడ్డవాడు ఆస్పత్రి గుమ్మం మళ్లీ తొక్కడు. తిరగబెట్టినవాడు నాలుగుసార్లు వస్తాడు. వార్డులో కూర్చుంటే ఆ నాలుగుసార్లు వచ్చినవాళ్లే కనబడతారు. గడప దాటి జనంలోకి వెళ్లి లెక్క తీస్తే చిత్రం మారుతుంది. అమెరికాలో 2001-02లో జరిగిన పెద్ద సర్వేలో, అంతకుముందు ఎప్పుడో మద్యానికి బానిసలైనవాళ్లలో గత ఏడాదిగా ఇంకా అదే స్థితిలో ఉన్నవాళ్లు నూటికి 25 మందే. 18 మంది చుక్క ముట్టడం లేదు. మిగతావాళ్లు ఎంతో కొంత మెరుగు, కొందరు హద్దులో తాగుతున్నారు. బానిసలైన ఆ మొత్తం మందిలో చికిత్స ఎప్పుడైనా తీసుకున్నవాళ్లు పావు వంతే.

"మరి హద్దులో తాగొచ్చు అన్నమాట" అని ఇక్కడ పట్టుకునేవాళ్లుంటారు, వాళ్లకోసం ఒక కథ. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రి డాక్టరు డి.ఎల్. డేవిస్ 1962లో, చికిత్స తీసుకున్న తన రోగుల్లో ఏడుగురు మామూలుగా, హద్దులో తాగుతున్నారని రాశాడు. పెద్ద దుమారం రేగింది. ఇరవై ఏళ్లు దాటాక అదే ఎడ్వర్డ్స్ ఆ ఏడుగురినీ వెతికి పట్టుకుని 1985లో లెక్క చెప్పాడు. ఐదుగురు ఆ కాలంలోనే గట్టి ఇబ్బందులు పడ్డారు, తర్వాత కూడా పడ్డారు. ఇద్దరే నిజంగా ఏ గొడవా లేకుండా తాగారు. ఆ ఇద్దరిలో ఒకరికి మొదటినుంచీ జబ్బు ముదిరిందే కాదు. తాగుడు అప్పుడప్పుడే శ్రుతి మించుతున్నవాళ్లకి తగ్గించుకోవడం సాధ్యమే. పొద్దున్నే చెయ్యి వణికే దశకి వచ్చినవాళ్లకి మానెయ్యడమే క్షేమం. సర్వేలో హద్దులో తాగుతూ కనబడినవాళ్లలో జబ్బు అంతగా ముదరనివాళ్లే ఎక్కువ.

మందుల సంగతి చెప్పుకుందాం. మన భాషలో మద్యాన్నీ మందే అంటాం, దాన్ని మాన్పించే మాత్రనీ మందే అంటాం. ఈ రెండో మందుల్లో పాతది డైసల్ఫిరామ్. కోపెన్‌హాగన్‌లో ఎరిక్ యాకబ్‌సన్, యెన్స్ హాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కడుపులో పురుగులకి మందు వెతుకుతూ ఈ మాత్రని తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం పుచ్చుకుంటే ముఖం ఎర్రబడి, గుండెదడ వచ్చి, వాంతులయ్యాయి. 1948లో ఆ సంగతి లోకానికి చెప్పారు. మద్యం ఒంట్లో ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత విరిగిపోవాలి. ఈ మాత్ర రెండో మెట్టుని ఆపేస్తుంది, విషం పేరుకుంటుంది. అంటే ఈ మాత్ర కోరికని తగ్గించదు, భయం పెడుతుంది. ఆ భయం తెలిసి మింగినవాడికే అది పనిచేస్తుంది.

ఇది ఎందుకు వివరంగా చెబుతున్నానంటే, మన ఊళ్లలో "మాన్పించే పొడి" అని అన్నంలోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెట్టే అలవాటు ఉంది. కడుపు మండి, దారి తెలియక చేసే పని అది. నేను ఏ ఇల్లాలినీ తప్పుపట్టను. కానీ ఆ పొడిలో డైసల్ఫిరామ్ ఉండి, ఆ సంగతి తెలియని మనిషి బయటికెళ్లి రోజూ తాగే అంతే తాగితే రక్తపోటు పడిపోయి గుండె ఆగిపోవచ్చు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అదే మాత్రని ఆ మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు సలహాతో రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని ఇస్తే ఫలితం ఎంతో బాగుంటుంది. ముంబైలో 2004లో ప్రచురించిన ఏడాది ప్రయోగంలో, ఇంట్లోవాళ్లు దగ్గరుండి డైసల్ఫిరామ్ ఇచ్చిన రోగుల్లో నూటికి 86 మంది తాగకుండా ఉన్నారు. నాల్ట్రెక్సోన్ అనే ఇంకో మందు ఇచ్చిన గుంపులో 44 మంది. ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నారో అందరికీ తెలుసు కాబట్టి ఈ లెక్కని కాస్త తగ్గించే చదవాలి. అయినా పొద్దున్నే చేతిలో మాత్ర పెట్టి మంచినీళ్లిచ్చే మనిషికి ఎంత శక్తి ఉందో ఇందులో కనబడుతుంది.

నాల్ట్రెక్సోన్ తాగినప్పుడు కలిగే హాయిని తగ్గిస్తుంది. అకాంప్రోసేట్ మానాక మెదడులో మిగిలే అలజడిని సర్దుతుంది. రెండూ మంచి మందులే. లివర్ పరిస్థితి చూసి ఏది ఎవరికి పడుతుందో డాక్టరు చెప్పాలి. ఏదీ నెల రోజులు వాడి ఆపేసేది కాదు. ఖర్చు లేని ఇంకో మందు ఉంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్. శాస్త్రవేత్తలు చాలాకాలం దాన్ని భజన గుంపులా చూశారు. 2020లో 27 అధ్యయనాలని కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, ఆ దారిలోకి రోగుల్ని నడిపించిన చికిత్సలో ఏడాదికి నూటికి 42 మంది పూర్తిగా మాని ఉన్నారని, ఇతర చికిత్సల్లో 35 మంది అని తేల్చింది. హైదరాబాద్‌లోనూ ఈ మీటింగులు జరుగుతాయి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. "ఈ ఒక్క రోజుకి తాగను" అన్నదే వాళ్ల లెక్క.

ఏడాదిలోపు నూటికి 40 నుంచి 60 మందికి తిరగబెట్టే జబ్బుని బాగుపడే జబ్బు అనొచ్చా? థామస్ మెక్‌లెల్లన్, ఆయన సహచరులు 2000లో ఈ ప్రశ్నకి ఒక పోలికతో జవాబిచ్చారు. బీపీ, ఉబ్బసం ఉన్నవాళ్లలో ఏటా నూటికి 50 నుంచి 70 మందికి జబ్బు మళ్లీ ముదిరి డాక్టరు అవసరం పడుతుంది. చాలామంది మాత్రలు సరిగ్గా వేసుకోరు, ఉప్పు తగ్గించరు. అయినా బీపీ మాత్ర పనిచెయ్యదని ఎవరూ అనరు. మాత్ర ఆపగానే బీపీ పెరిగితే, మాత్ర పనిచేసిందనడానికి అదే రుజువు అంటారు. తాగుడు చికిత్స ఆపగానే తాగుడు తిరగబెడితే మాత్రం చికిత్స పనిచెయ్యలేదంటారు. ఈ అన్యాయమైన తూకమే మా మావయ్యని రెండేళ్లు వెనక్కి నెట్టింది.

మన దేశం సంగతి చూస్తే మొదటి మెట్టే దొరకడం లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యం వల్ల ఇబ్బంది పడుతూ సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్లు. బానిసలైనవాళ్లలో ప్రతి 38 మందికి ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందికి ఒకరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఉద్యమం మన చరిత్రలో తలెత్తుకోదగ్గది. కానీ దుకాణం ఉండాలా వద్దా అన్న వాదనలో, అప్పటికే చెయ్యి వణుకుతున్న మనిషికి మంచం ఎక్కడ అన్న ప్రశ్న అప్పుడూ వెనకబడింది, ఇప్పుడూ వెనకబడే ఉంది.

దారి చూపినవాళ్లు లేకపోలేదు. భర్తని తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో ఆయన పేరు మీదే చికిత్సా సంస్థ పెట్టారు. 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలో శిబిరం పెట్టి, రోగి దగ్గరికే వైద్యాన్ని తీసుకెళ్లారు. శిబిరం ఎత్తేశాక జరిగే ఫాలో-అప్ కూడా అందులో భాగమే. గోవాలో సంగాత్ సంస్థ ఇంకో సంగతి నిరూపించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, హానికరంగా తాగే మగవాళ్లతో కొద్దిసార్లు మాట్లాడించారు. వీళ్లింకా పూర్తిగా బానిసలు కాలేదు. ఏడాది తర్వాత ఆ మాటలు విన్నవాళ్లలో నూటికి 54 మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, విననివాళ్లలో 32 మంది. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు ఊరూరా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఇది చెయ్యలేని పనేమీ కాదు.

మావయ్య రెండోసారి చికిత్సకి వెళ్లింది వేరే ఊళ్లో. అక్కడ డిశ్చార్జ్ చీటీ మీద మందుల కన్నా ముందు మూడు తేదీలు రాసిచ్చారు. అత్తయ్యని కూడా కూర్చోబెట్టి, తిరగబెట్టే ముందు కనబడే గుర్తులు చెప్పారు: నిద్ర పట్టకపోవడం, చిన్నదానికి కసురుకోవడం, మీటింగ్ ఎగ్గొట్టడం, పాత స్నేహితుల ఫోన్లు. "తాగాక తీసుకురావడం కాదమ్మా, ఇవి కనబడ్డప్పుడు తీసుకురండి" అన్నారు. పద్నాలుగో నెలలో ఒకసారి తాగాడు. ఈసారి ఇంట్లో ఎవరూ అరవలేదు. అత్తయ్య మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి తీసుకెళ్లింది. అది ఒక్కరోజుతో ఆగిపోయింది. అప్పటినుంచి పదకొండేళ్లు. ఒకసారి మెషీన్ ముందు కూర్చుని నాతో అన్నాడు: "చేతులు వణక్కుండా సూదిలో దారం ఎక్కిన రోజున నాకు ధైర్యం వచ్చిందిరా అబ్బాయ్. కానీ ఆ ధైర్యం చూసుకునే మొదటిసారి పడ్డాను."

మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరైనా ఇవాళ వార్డు నుంచి బయటికొస్తుంటే, ఆ డాక్టరుని "ఇక తాగడు కదా" అని అడగకండి. "మళ్లీ ఎప్పుడు తీసుకురావాలి" అని అడిగి, ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి. ఆ రోజుకి మనిషి బాగున్నా సరే, తీసుకెళ్లండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మత్తు విముక్తి కోసం కేంద్రం నడిపే ఉచిత నంబరు 14446. నిద్ర లేక, దిగులుతో, చచ్చిపోవాలన్న ఆలోచనతో ఉంటే టెలీ-మానస్ 14416. తెలుగులో మాట్లాడతారు.